పడమటి ఓడ కబురు

గంజి వార్చేటప్పుడు మాట్లాడకూడదని ఎలీసబెతుకు తెలుసు. అయినా నోరు ఊరుకోలేదు. ఆ తుఫాను చావలేదని, కర్ణాటక దాటి పడమటి సముద్రంలో పడితే మళ్ళీ లేస్తుందని అనేసింది.

భర్త జ్ఞానశేఖర్ బూట్లకు పాలిష్ రుద్దుతూ నవ్వాడు. మొన్న కోస్తాలో తీరం దాటిన తుఫాను సికింద్రాబాదు మీద నాలుగు చినుకులు రాల్చి నీరసించింది. పోయిందని నిన్న ఆదివారం ఆరాధనలో కృతజ్ఞతా ప్రార్థన కూడా అయిపోయింది. “దేవునికి థాంక్స్ చెప్పినంక నువ్వు లేపుతవా? జెర కూర చూడు, మాడుతున్నది” అన్నాడు.

కూర మాడలేదు. ఆమెకే మాడింది.

వాతావరణ ఆఫీసులో పదహారేళ్ళుగా ఆమెది ఒకటే పని. టెలిప్రింటర్ కక్కే అంకెలను విప్పి, ఏ ఊళ్ళో ఎంత గాలి, ఏ ఓడ దగ్గర ఎంత వేడి అని పటం మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఎక్కించడం. ఆపైన ఆఫీసరు గీతలు గీస్తాడు, జోస్యం చెప్తాడు, సంతకం పెడతాడు. ఇంట్లోనూ అంతే. వంట ఈమెది, “మా ఇంటి భోజనం” అని నలుగురిలో మీసం దువ్వేది ఆయన. పదహారేళ్ళూ దాన్ని మింగింది. కానీ పోయినేడు సుమిత్ర వచ్చింది. పదేళ్ళు చిన్నది, నేరుగా ఆఫీసరు. ఆమె కుర్చీకి చేతులున్నాయి, ఎలీసబెతుది స్టూలు. ఆమె అన్నం డబ్బాలో అత్తగారు వేయించిన బెండకాయ ఉంటుంది. ఎలీసబెతు అత్త రోసమ్మ ఇన్నేళ్ళలో కోడలికి పెట్టినవి వంకలే. ఆ మూత తెరిచిన ప్రతి మధ్యాహ్నం ఎలీసబెతు తన డబ్బా తీసుకుని కిటికీ వైపు తిరిగేది. మగవాళ్ళు పైనుంటే ఎండ అనుకుని ఓర్చుకుంది. ఒక ఆడపిల్ల పైనుంటే మాత్రం, అక్కడ నేనెందుకు లేను అనిపించేది.

ఆ ఉదయం అరేబియా సముద్రంలో ఓ ఓడ నుంచి కబురొచ్చింది. నీళ్ళు ముప్పై డిగ్రీలు. పీడనం పడిపోతోంది. గాలి దిక్కు మారింది. అంకెలు విప్పగానే ఎలీసబెతుకు అర్థమైంది. తన మాటే నిజం. మరుక్షణం ఆ కాగితాన్ని మడిచి సిరాబుడ్డి కింద పెట్టేసింది. పటం మీద అది లేకపోతే సుమిత్ర “పూర్తిగా బలహీనపడింది” అని రాస్తుంది. రేపు ఆఫీసు పెద్దసారు ముందు తల వంచుకుంటుంది. ఆ తలపే బెల్లంలా ఉంది. అయితే మధ్యాహ్నంలోగా పడమటి తీరానికి కబురు వెళ్ళాలి. తుఫాను పోయిందని వింటే అక్కడి జాలర్లు సముద్రంలోకి పడవలు దించుతారు. బెల్లం నోట్లోనే చేదెక్కింది.

అప్పుడే సుమిత్ర పెన్సిలు కొరుక్కుంటూ వచ్చింది.

“అక్కా, గిది మళ్ళా లేస్తదా? నాకు సమజైతలేదు. మీరేమంటరు?”

పదహారేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న. అది విని ఎలీసబెతు మెత్తబడలేదు, ఇంకా మండింది. నాకు తెలియదని నోరారా చెప్పి కూడా ఈ పిల్ల ఆ కుర్చీలో కూర్చోగలదు. తను తెలిసీ స్టూలు మీదే.

అయినా ఆ పడవలు గుర్తొచ్చి, కాగితం తీసి ముందు పెట్టింది. “పొద్దుగాల్నే వచ్చింది మేడమ్. దాచిన.”

“ఎందుకు?”

“కుళ్ళుతోని.”

సుమిత్ర ఆ అంకెల మీద పెన్సిలు ఆనించి చదివింది. తిట్టలేదు. ఓడను పటం మీద ఎక్కించమని, నివేదిక తాను రాస్తానని అంది. లేస్తుందని రాసి, అది లేవకపోతే పెద్దసారు తనను నమిలేస్తాడని గొణిగింది.

ఎలీసబెతు ఓడను ఎక్కించింది. తర్వాత సుమిత్ర రాసిన నివేదిక తన వైపు లాక్కుని, తుఫాను మళ్ళీ లేస్తుందన్న అభిప్రాయం కింద తన పేరు పూర్తిగా రాసింది.

“గిట్ల రాయరక్కా. లేవకపోతే మీకే తక్లీఫ్.”

“అయితే కానీయుండ్రి మేడమ్. ఇన్నేండ్లు ఒప్పులన్నీ వేరేటోళ్ళ పేరు మీద పోయినయి. తప్పయినా నా పేరు మీద ఉండనీ.”