పన్నెండు రోజుల ఉప్పు

"ఉప్పునీళ్ల వాల్వు కట్టెయ్ అక్కా!" అని అరుస్తూ నాలుగో ట్యాంకులోకి దిగేశాను. తిలాపియా చేపపిల్లలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. కొన్ని అప్పటికే పక్కకు ఒరిగిపోయాయి. నీళ్ల చుక్క నాలుక మీద వేసుకుంటే అచ్చం సముద్రమే. నిన్న సాయంత్రం నేను కొలిచినప్పుడు సముద్రపు ఉప్పులో మూడో వంతే ఉంది.

మస్తానమ్మక్క వాల్వు కట్టేసి మంచినీటి గొట్టం ట్యాంకులోకి లాగింది. అది చాలదని బకెట్లతో పోయడం మొదలుపెట్టింది. చేపపిల్లల్ని పెంచే ఈ హ్యాచరీలో పదేళ్లుగా ట్యాంకులు కడిగే మనిషి.

"బతుకుతాయా పాపా?" అంది ఒగరుస్తూ.

"సగమన్నా బతకాలక్కా. పొయ్యి."

మంచినీటి చేపను ఒక్కసారిగా ఉప్పునీటిలో వేస్తే దాని ఒంట్లోని నీటిని ఉప్పు బయటికి లాగేస్తుంది. నీళ్లలోనే ఉండి దాహంతో చచ్చిపోతుంది. కొంచెం కొంచెంగా పెంచామా, దారి దాని ఒళ్లే వెతుక్కుంటుంది. మంచినీటిలో ఉన్నన్నాళ్లూ ఒంటి ఉప్పును కాపాడిన ప్రొలాక్టిన్ అనే హార్మోన్ తగ్గుతుంది. కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ పెరుగుతాయి. అవి చెప్పినట్టు మొప్పల్లో కణాలు కొత్త పనికి తయారై, తాగిన నీటిలోని ఉప్పును బయటికి తోసేస్తాయి. దానికి రోజులు పడతాయి. అందుకే రోజుకెంత ఉప్పు పెంచాలో పన్నెండు రోజులకు రాసి గోడకు అంటించాను. ఈరోజు ఐదోది.

పోయిన వారం ఇదంతా చెబితే మస్తానమ్మక్క పడీపడీ నవ్వింది. "చేపకు పన్నెండు రోజులా! నాకు అత్తగారింట్లో పన్నెండు గంటలన్నా ఇయ్యలేదు తల్లా. పోయిన పూటే గంపెడు చేపలు ముందరేసి తోమమన్నారు."

నాకూ ఇవ్వలేదు. కొడవలూరు వరిచేల మధ్య నుంచి ఈ అల్లూరు తీరానికి వచ్చిన కొత్తలో, ఇక్కడి బోరునీళ్లు గొంతు దిగక ఏడిస్తే, "అందరూ తాగడంలా? అలవాటవుద్దిలే" అన్నారు మా ఆయన. జువాలజీలో ఎమ్మెస్సీ చేశాను, ఏదైనా ఉద్యోగం చూసుకుంటానంటే, "ఆ చదువేదో నాకు సాయం చెయ్యి చాలు" అన్నారు. టెక్నీషియన్ ఉద్యోగం ఆయనది, జీతం ఆయనది. నీటి కొలతలు, మేత, రికార్డు రాయడం నావి. మధ్యలో ఇంటికి పరిగెత్తి వండి రావడం ఎటూ ఉంది. పదకొండేళ్లుగా ఇదే సాయం. "మా కోడలు పొద్దుపోక ఆడికి పోతా ఉంటాది" అని చుట్టాలకు చెబుతుంది మా అత్త.

బయట జీపు ఆగింది. ఓనరు చెంచురామయ్య గారు లోపలికొచ్చి, తేలిన చేపల్ని చూసి, వెనకే వచ్చిన మా ఆయన వైపు తిరిగారు. "ఏందయ్యా ఇది? ఇయ్యాలే ఉప్పునీళ్ల చెరువులో వదిలేయొచ్చని ఫోన్లో చెప్పినావు గదా!"

మా ఆయన వేలు చూపించారు. "ఈ మస్తానమ్మ సార్. వాల్వు తిప్పి మర్చిపోయింది. చదువులేని మనిషి, దీనికేం తెలుసు!"

బకెట్ పట్టుకున్న మస్తానమ్మక్క చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "నేను ముట్టుకోలేదు సామీ. నా బిడ్డల మీద ఒట్టు."

"రేపట్నించి రావద్దులేమ్మా" అన్నారు ఓనరు. గట్టిగా కూడా అనలేదు.

పొద్దున్నే నేను టీ ఫ్లాస్కు తెచ్చినప్పుడు ఆ వాల్వు తిప్పుతున్నది మా ఆయనే. ఈరోజు పెంచాల్సిన కాస్త ఉప్పు కోసమే అనుకున్నాను. "ఐదు నిమిషాలే, గుర్తుందా?" అని అడిగి వంటకు ఇంటికి పోయాను. "తిలాపియా మొండిది, దానికి పన్నెండు రోజులెందుకు?" అని ఆయన నిన్న విసుక్కున్న సంగతి అప్పుడు తట్టలేదు.

ఇప్పుడాయన నా వైపే చూస్తున్నారు. ఓనరంటే ఆయనకెంత భయమో నాకు తెలుసు. చొక్కా కాలరు చెమటకు తడిసిపోయింది. జాలేసింది. ఇన్నేళ్లూ ఆ జాలే నా నోరు కట్టేసింది. నా పక్కన మస్తానమ్మక్క మాత్రం ఏడుస్తూనే, మళ్లీ వంగి చేపల మీద మంచినీళ్లు పోస్తోంది.

"ఆమె కాదు సార్" అన్నాను.

"మరెవరు కామాక్షమ్మా?"

'మా ఆయన' అనొచ్చు. మొగుడూ పెళ్లాల గొడవని ఓనరు నవ్వేస్తారు, మస్తానమ్మక్క పని మాత్రం పోతుంది. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని పెళ్లైన వారంలోనే చెప్పింది మా అత్త. రేషన్ కార్డుకు పోయిన రోజు కూడా పేరు కాగితం మీద రాసి చూపించానే గానీ నోటితో చెప్పలేదు.

మస్తానమ్మక్క చల్లటి చెయ్యి పట్టుకున్నాను. ఈ పనికి జీతం తీసుకునే మనిషి ఎవరని అడిగితే ఎలా చెబుతానో, అలాగే చెప్పాను.

"హరినాథ్."