ఆగమ్మ ఇచ్చిన రోజు

జహనుమా వాడలోని ఆ బడికి మూడే గదులు. పైన రేకులు, కింద షాబాదు బండలు. పొద్దున్నే ఆయా ఆగమ్మ వచ్చి బండలు తుడిచి, కుండలో నీళ్లు నింపి, గంట కొట్టేది. అంతలోకి మోయిరా సైకిల్ దిగి, గడప దగ్గర చెప్పులు విడిచేది. ఏడాదిపాటు జీతం లేకుండా పిల్లలకు ఇంగ్లీషు చెబుతానని ఐర్లండు నుంచి వచ్చిన పిల్ల ఆమె. ఇరవై నాలుగేళ్లుంటాయి. తెలుగు ఆగమ్మ దగ్గరే నేర్చుకుంది కాబట్టి ఆగమ్మ లాగే మాట్లాడేది.

అప్పుడప్పుడు ఏదో ఒక పిల్ల తడికాళ్లతో వచ్చేది. బండల మీద నల్లగా అడుగులు పడేవి. ఆగమ్మ ఆ పిల్లను పెద్దసారు ఆనందరావు కుర్చీలో కూచోబెట్టి నోట్లో బెల్లం పెట్టేది. అందరూ చప్పట్లు కొట్టేవారు. కాళ్లు కడుక్కుని వచ్చినందుకు మెచ్చుకోలు కాబోలు అనుకునేది మోయిరా. పుట్టినరోజు నాడు మనిషి అడుగులు పొద్దుగూకేదాకా తడిగా పడతాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎండ వేడిగా ఉంటుందని ఎవరైనా చెబుతారా?

1974 ఆగస్టు నాటికి ఆమెకు ఇంటి నుంచి ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. నెలాఖరుకు వెళ్లిపోదామని టికెట్టు కూడా తీసుకుంది. ఒక మధ్యాహ్నం కుర్చీలో మురిసిపోతున్న పిల్లను చూస్తుంటే తననూ ఎవరైనా అలా కూచోబెడితే బాగుండుననిపించి, "రేపు నా పుట్టినరోజు" అనేసింది. నిజానికి అది జనవరిలోనే, కిరాయి గదిలో జ్వరంతో ముసుగుతన్ని పడుకుని ఉండగా అయిపోయింది. అన్నాక నాలుక కరుచుకుంది. అప్పటికే ఆగమ్మ, "అయ్యో బిడ్డా, ముందుగాల చెప్పొద్దా!" అంటూ పెద్దసారు దగ్గరికి పరుగెత్తింది.

మర్నాడు గుమ్మానికి రంగు కాగితాల దండలు. ఒక పిల్ల ఉడికిన గుడ్డు తెచ్చింది, ఒకతె తన రిబ్బను, ఒకడు సగం కొరికిన జామకాయ. ఆగమ్మ గిన్నెడు పరమాన్నం తెచ్చింది. మోయిరా చెప్పులు విడిచి లోపలికి నడిచింది. అందరి కళ్లూ ఆమె పాదాల మీదే. బండలు పొడిగానే ఉన్నాయి. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత ఆనందరావు గట్టిగా చప్పట్లు కొట్టాడు. పిల్లలూ కొట్టారు. మోయిరాను పెద్దసారు కుర్చీలో కూచోబెట్టి పరమాన్నం చేతికిచ్చారు.

ఆగమ్మ మాత్రం ఒక్కచోట నిలవలేదు. చేతిలో గుడ్డతో వెనక్కి వెనక్కి జరుగుతూ, తుడిచిన బండనే మళ్లీ తుడుస్తోంది.

"ఎందుకమ్మా, కూచోరాదు" అంది మోయిరా.

"దుమ్మున్నది బిడ్డా."

ఒకటో తరగతి సులోచన ఉండబట్టలేక అడిగింది. "టీచర్, తడిసినయి ఆగమ్మ కాళ్లు గదా? కుర్చీల మీరు కూచున్నరేంది?"

మోయిరా వంగి చూసింది. ఆగమ్మ పాదం ఎత్తిన చోట నల్లగా అయిదు వేళ్లూ పడి ఉన్నాయి. బెల్లం తిన్న పిల్లలందరూ ఒక్కసారే కళ్ల ముందు తిరిగారు. పరమాన్నం గిన్నె కింద పెట్టేసింది.

"ఇయ్యాల నీ పుట్టినరోజా, అమ్మా?"

తప్పు తానే చేసినట్టు ఆగమ్మ గుడ్డను వెనక దాచుకుంది. "నాదేముంది, యాభై చూసిన. ఈడ నీకు ఒక్కటన్న లేకపాయె. ఇయ్యాల్టిది నీకే ఇచ్చిన, తీస్కో."

మోయిరా కుర్చీలోంచి లేచింది. చెవులు మండిపోతున్నాయి. "నేను అబద్ధం చెప్పిన" అంది పిల్లలతో.

"తెలుసు టీచర్" అంది సులోచన. "కాళ్లు చూసినం గద."

"మరి చప్పట్లెందుకు కొట్టిండ్రు?"

"ఆగమ్మ కొట్టమన్నది."

ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేది. ఆ మొహంతో ఊరికి ఎలా వెళ్తుంది? టికెట్టు రద్దు చేసుకుంది. వచ్చే ఏడు ఇదే రోజున తన చేత్తో వండి ఆగమ్మకు పెట్టాకే కదలాలనుకుంది.

ఏడాది తిరిగింది. ఆ తెల్లవారుజామున లేచి పరమాన్నం వండి, దించి, వెనక్కి తిరిగింది మోయిరా. మంచం నుంచి పొయ్యి దాకా తడి అడుగులు. ఆమెవే.

గిన్నె పట్టుకుని, చెప్పులు కూడా మరిచి, ఆగమ్మ ఇంటికి నడిచింది. దారి పొడుగునా దుమ్ములో తడి అచ్చులు. అరుగుల మీది ఆడవాళ్లు, "సల్లగ బతుకు బిడ్డా" అని దీవించారు. ప్రతి దీవెనకూ ఆమె తల ఇంకాస్త వంగింది. ఆగమ్మ వాకిలి ఊడుస్తోంది. గడప బండ మీద ఆమె నడిచిన చోట తడే లేదు.

"నీ రోజు నాకొచ్చిందమ్మా. వాపస్ తీస్కో."

ఆగమ్మ రెండు జతల కాళ్లనూ చూసింది. "ఇచ్చినంక వాపస్ ఏంది? ఉత్తగ అన్ననా ఏంది నేను" అని, కొంగుతో మోయిరా పాదాలు తుడిచింది. "ఏం వండుకొచ్చినవ్? పెట్టు, ఆకలైతున్నది."

మోయిరా ఆ ఏడూ వెళ్లలేదు, ఆ తర్వాతా వెళ్లలేదు. పన్నెండేళ్లకు ఆగమ్మ పోయింది. మరణం నమోదు చేసుకోవడానికి వచ్చిన గుమాస్తా, "ముసలమ్మ పుట్టినరోజు ఏది?" అని అడిగాడు. వాడవాళ్లంతా మోయిరా వైపు చూశారు.

మోయిరా తల దించుకుంది.

"నా దగ్గరున్నది" అంది.