పదకొండో రోజు

1974 ఆగస్టు ఎనిమిది, గురువారం. ఆ మధ్యాహ్నం హైమ పెరుగన్నంలో దబ్బకాయ ఊరగాయ నంజుకుని తిన్నది. తీరిగ్గా కూర్చుని తిన్నది. ఆ తీరికే ఇన్నేళ్లయినా ఆమెకు మింగుడుపడదు.

మద్రాసు వాషర్‌మెన్‌పేట్‌లో ఒక శిశుకేంద్రానికి ఆమె నర్సు. బరువు తక్కువగా పుట్టిన బిడ్డల ఇళ్లకు రోజు విడిచి రోజు వెళ్లి, తూచి, తల్లికి పాలివ్వడం నేర్పి రావాలి. ఆ వారం వ్యాసర్పాడిలో కన్నియమ్మ కొడుకు ఆమె బాధ్యత. పుట్టినప్పుడు రెండు కిలోలైనా లేడు. కన్నియమ్మ మొగుడు ఆనందన్ రైల్వే యార్డులో మూటలు మోస్తాడు. అత్త చిన్నపొన్ను నోరు పెద్దది.

పుట్టిన తొమ్మిదో రోజున గుడ్డ జోలెలో బిడ్డను వేసి కాటాకు తగిలించగానే చిన్నపొన్ను నవ్వింది. "వంకాయల మాదిరి తూస్తా ఉండావే నర్సమ్మా! కిలో ఎంతకిస్తావు?"

"అమ్మనులే అవ్వా. యాభై గ్రాములు పెరిగినాడు."

కన్నియమ్మ మొహం విప్పారింది. అప్పుడే అన్నది: "ఎల్లుండి తొట్లో వేస్తామక్కా. నువ్వు రావాల."

"చూద్దాంలే" అన్నది హైమ. కానీ వెళ్లలేదు. భర్త పోయి మూడేళ్లు. ఉయ్యాల వేడుకలో విధవ ఎదురు పడకూడదని ఆమె పుట్టింటి పట్టింపు. రావద్దని ఎవరూ అనకముందే తప్పుకోవడం మర్యాద అనుకున్నది. తూకం ఒక్కరోజు ఆలస్యమైతే ఏమవుతుందిలే అనుకున్నది.

శుక్రవారం పొద్దున వెళ్లేసరికి దూలానికి చీర ఉయ్యాల వేలాడుతూనే ఉన్నది. అందులో బిడ్డ లేడు.

"నిన్న పొద్దున్నించి రొమ్ము పట్టలా" అన్నాడు ఆనందన్, గోడవైపు చూస్తూ. "ఆస్పత్రికి పోదామన్నా. అమ్మేమో, ఇంకాసేపట్లో నర్సమ్మ వచ్చేస్తాది, ఆమెకే చూపిద్దాం అనె. సాయంత్రం ఎత్తుకుని పోయినాం. దోవలోనే పాయె."

"ఎందుకు రాలేదక్కా?" అన్నది కన్నియమ్మ. ఆ గొంతులో కోపం లేదు. కోపమైనా ఉంటే బాగుండుననిపించింది హైమకు.

"మొగుడు లేనిదాన్ని కదమ్మా... మంచిరోజున నేనెందుకని..."

చిన్నపొన్ను తన బోసి నుదుటిని వేలితో చూపించింది. "నాకు మాత్రం ఉండాడా? మా ఏళుమలై పోయి పదేండ్లాయె. బిడ్డను తొట్లో వేసింది నేనే కదే."

ఆ బోసి నుదురు హైమ వచ్చినప్పుడల్లా చూసిందే. బిడ్డ బరువు గ్రాములతో సహా రాసుకున్నది గానీ, ఈ ఇంటి పద్ధతి ఏమిటో ఒక్క మాట అడగలేదు.

బిడ్డ లేకపోయినా పాలు ఆగవు. కన్నియమ్మ రొమ్ములు రాళ్లయి, జ్వరం వచ్చేట్టున్నది. హైమ వేడినీళ్ల గుడ్డతో కాపడం పెట్టి, పాలు పిండి, పొద్దు వాలేదాకా పక్కనే కూర్చున్నది. కన్నియమ్మ ఆమె చెయ్యి పట్టుకునే నిద్రపోయింది. ఆ చెయ్యి తనకు తగదనుకున్నది హైమ. అయినా విడిపించుకోలేదు.

దీపాలు పెట్టే వేళకు లేచింది. చిన్నపొన్ను గడపదాకా వచ్చింది.

"నిన్న ఈ టైమ్‌దాకా నీకోసరం తలుపు తీసే పెట్టినాం" అన్నది మెల్లగా. "రేపు రా. దానికి మళ్లీ పాలు కడతాయి."

కోడలు లేవకుండా, చప్పుడు కానీయకుండా తలుపు మూసుకున్నది.