కో-బ్రదర్ గారి పై పోర్షన్

పేపర్లో నా ఫోటో పడ్డ రోజు పొద్దున నేను ముందు చూసుకున్నది నా ముక్కును. కాస్త లావుగా వచ్చింది, పోనీలే అనుకున్నాను. పైన పెద్ద అక్షరాలతో 'నిఘంటువుకెక్కిన మన పాలమూరు ఇంగ్లిష్' అని వేశారు. స్టాఫ్‌రూమ్‌లో అటెండర్ మాసయ్య ఆ పేజీని టేబుల్ మీద పరిచి వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాడు. నేను ఏమీ పట్టనట్టు పరీక్ష పేపర్లు దిద్దుతూ కూచున్నాను.

వనపర్తిలో ఇంటర్ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పబట్టి ఇరవై ఆరేళ్ళు. ఉమ మేడమంటే హడల్. ఇంటి దగ్గర విన్న వాక్యాలు రాసుకు రమ్మంటే సొంతంగా అల్లి తెచ్చినవాళ్ళ చెంపలు పగలగొట్టాను. అలాంటిదాన్ని, మూడేళ్ళుగా ఒక విదేశీ నిఘంటువు వాళ్ళకు మన దగ్గరి ఇంగ్లిష్ మాటలు ఏరి పంపుతున్నాను. తోడల్లుణ్ణి మనం 'కో-బ్రదర్' అంటామే, ఆ మాట ఇంగ్లండులో ఎవరికీ తెలియదు. దాన్నే ఈ నెల వాళ్ళు తీసుకున్నారు. అయితే మాట ఒక్కటే పంపితే ఒప్పుకోరు. ఎవరో ఒకరు నిజంగా అన్న వాక్యం కావాలి, ఊరూ తేదీతో సహా. కల్పించడం నా ఒంట్లో లేదు కాబట్టి ఎవరి నోట ఏ మాట విన్నా చీటీ మీద రాసుకునేదాన్ని.

"మేడం, గిది నేనన్న మాట గద?"

వెనక కామర్స్ లెక్చరర్ దశరథం నిలబడి ఉన్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆయన వేలు పేపర్లోని వాక్యం మీద ఉంది. దాన్ని ఇంగ్లిష్‌లో ఒకసారి, తెలుగులో ఒకసారి వేశారు. 'ఆ కొత్త జంట ఆత్మకూరులో మా కో-బ్రదర్ పై పోర్షన్‌లో ఉంటున్నారు, రైసు మిల్లు వెనక.'

"మీరన్నదే సార్. పోయినేడు ఇక్కడే కూసొని..." అంటూనే ఆ వాక్యం మళ్ళీ చదివాను.

ఆ కొత్త జంట యమున, ఉదయ్ కిరణ్. ఇద్దరూ నా దగ్గర చదువుకున్నవాళ్ళే. యమున వాళ్ళు ఊళ్ళో పెద్ద ఆసాములు. ఉదయ్ తల్లిదండ్రులు వాళ్ళ పొలంలోనే కూలికి పోయేవాళ్ళు. పోయినేడు రిజిస్టర్ పెళ్ళి చేసుకుని ఇద్దరూ కనపడకుండా పోయారు. దొరికితే ఇద్దరినీ నరుకుతానని యమున అన్న రాఘవేందర్ బజారులో నిలబడి అరిచాడు. ఊరికే అరిచి ఊరుకునే రకం కాదు. కొడుకు ఎక్కడున్నాడో చెప్పలేదని ఉదయ్ తండ్రి ఇస్రాయేలు చెయ్యి విరగ్గొట్టాడు. పిల్లలను దశరథం సారే తన తోడల్లుడు శివ ఇంట్లో దాచాడు. ఆ సంగతి ఇంకెవరికీ చెప్పలేదు, నాకొక్కదానికే చెప్పాడు. నేనేమో అంతా విని, ఇంటికి పోయి చీటీ మీద 'కో-బ్రదర్' కింద గీత గీసుకున్నాను. అంత పెద్ద వాక్యంలో నా కళ్ళకు ఒక్క మాటే కనిపించింది. నా చదువు మండిపోను!

"నా పేరు గూడ ఏసిండ్రు మేడం," అన్నాడు దశరథం.

అదీ నా నిర్వాకమే. విలేకరి ఫోన్ చేసి, "ఇది నిజంగా ఎవరైనా అన్నదేనా మేడం?" అని అడిగాడు. నాకు పౌరుషం పొడుచుకొచ్చి పేరుతో సహా చెప్పాను.

ఉదయ్ ఫోన్ స్విచాఫ్. శివ ఎత్తడం లేదు. ఆత్మకూరు పోదామని దశరథం బండి తీశాడు, నేను వెనక కూచున్నాను. వెనక నుంచి ఏ కారు హారన్ కొట్టినా తిరిగి చూస్తున్నాను. సగం దారిలో నా ఫోన్ మోగింది. రాఘవేందర్.

"నమస్తే మేడం. పేపర్ల మీ ఫోటో జూసిన. మస్తు ఖుషైంది," అన్నాడు. గొంతు ఎంత మెత్తగా ఉందో! "జర ఒక డౌటు మేడం. కో-బ్రదరంటే తోడల్లుడే గద?"

క్లాసులో రెండేళ్ళు కూచుని ఒక్క డౌటు అడగనివాడు.

"అవును," అన్నాను.

"మరి దశరథం సారు తోడల్లుడెవరు మేడం?"

"తెల్వదు రాఘవేందర్. అది ఉత్తగ నేను కల్పించి రాసిన వాక్యం."

అటు నుంచి నవ్వాడు. "మీరు కల్పించరు మేడం. సొంతంగ రాసుకొస్తివని అందరి ముంగట నా చెంప పగలగొట్టిండ్రు, యాదికున్నదా? మీ రాత మీద నాకు మస్తు నమ్మకం. ఆత్మకూరు బోయి జూసొస్త," అని పెట్టేశాడు.

నేను దశరథం భుజం పట్టుకుని ఏడ్చేశాను. బీచుపల్లి ఆంజనేయా, నా నాలుక పడిపోయినా ఫరవాలేదు, పిల్లలను కాపాడు తండ్రీ అని దారి పొడుగునా మొక్కుతూనే ఉన్నాను.

శివ ఇంటి మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. పైన తలుపు బార్లా తెరిచి ఉంది. పొయ్యి మీద అన్నం గిన్నె ఇంకా పొగలు కక్కుతోంది. గడప దగ్గర ఆడపిల్ల చెప్పు ఒక్కటే పడి ఉంది, రెండోది లేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. "అయ్యో నా తల్లీ!" అని అరిచాను.

కింద నుంచి శివ పరుగెత్తుకొచ్చాడు. "ఉర్కిండ్రు మేడం. పేపర్ జూసి కట్టుబట్టలతోటి ఉర్కిండ్రు, పావుగంటైంది. యాడికో నాకు గూడ చెప్పలే. ఎవరి ఫోనెత్తాలన్నా భయమైతుండె."

అతని మాట పూర్తికాకముందే కింద కారు ఆగింది. రాఘవేందర్, వాడి వెనక ఇద్దరు. పైకొచ్చి గదంతా కలియజూశాడు. అన్నం గిన్నె మీద చెయ్యి పెట్టి, "ఇంక ఏడిగనే ఉన్నది," అన్నాడు. దశరథం గోడకు అంటుకుపోయాడు. సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"ఎత్తుండ్రి మేడం," అన్నాడు రాఘవేందర్.

ఎత్తాను. "మేడం, నేను యమునను," అని సన్నటి గొంతు.

"ఆ, విలేకరి గారూ!" అన్నాను గట్టిగా. నా గొంతు నాకే వింతగా వినిపించింది. "మీకోసమే చూస్తున్న. ఆ వాక్యం అబద్ధం సార్, నేనే అల్లిన. దశరథం గారు అట్ల అననే లేదు. ఉమ మేడం అబద్ధం రాసిందని రేపటి పేపర్ల ఎయ్యుండ్రి." పెట్టేశాను.

రాఘవేందర్ చెయ్యి చాపాడు. "ఫోనియ్యుండ్రి మేడం."

భయం ఎంత ఉందో కోపమూ అంతే వచ్చింది. "నీకు సదువు చెప్పిన దాని ఫోన్ గుంజుకుంటవారా? ఏదీ, గుంజుకో!" అని క్లాసులో అరిచినట్టే అరిచాను. అలవాటు కాబోలు, వాడి చెయ్యి వెనక్కి పోయింది. అరుపు విని మిల్లు హమాలీలు నలుగురైదుగురు కింద గుమిగూడి పైకి చూస్తున్నారు. రాఘవేందర్ వాళ్ళను చూశాడు, నన్ను చూశాడు.

"మా చెల్లె దొరుకుతది మేడం. ఇయ్యాల గాకుంటె రేపు," అని దిగిపోయాడు. కారు బస్టాండు వైపు తిరిగింది.

ఆ నంబరుకు మళ్ళీ చేశాను. "బస్టాండు దిక్కు పోవద్దు తల్లీ, మీ అన్న అటే పోతుండు!"

"బస్సెక్కినం మేడం. ఆత్మకూరు దాటినం," అంది యమున. "దశరథం సారును జర పైలంగ ఉండుమని చెప్పుండ్రి. ఇందాక గందుకే చేసిన."

మెట్టు మీద కూలబడ్డాను. కళ్ళు తుడుచుకుని, "ఏ ఊరికి పోతుండ్రు తల్లీ? చెప్పు, నేను గూడ వస్త," అన్నాను.

ఫోన్లో బస్సు చప్పుడు వినిపిస్తోంది.

"చెప్ప మేడం," అంది యమున. ఆ గొంతులో కోపం లేదు, భయమే ఉంది. "మీరు రాసుకుంటరు."