ఎనభై రెండు డిగ్రీలు

తాడేపల్లిగూడెంలోని ఆ ఉప్పుడు బియ్యం మిల్లులో యంత్రాలను నడిపే పాత కంప్యూటర్ ప్రోగ్రాం ఇంకా పనికొస్తుందో లేదో తేల్చమని ఏలూరు నుంచి శ్రావ్యను పిలిపించారు. తెర మీద ధాన్యం ఆరబెట్టే డ్రయ్యర్ వేడి ఎనభై రెండు డిగ్రీల దగ్గర మేకు కొట్టినట్టు నిలబడి ఉంది. రికార్డు తిరగేస్తే నాలుగేళ్లుగా అదే అంకె. అంతకుముందు మాత్రం పైకీ కిందికీ కదిలింది. ఏ యంత్రమూ ఇంత బుద్ధిగా ఉండదని ఆమెకు అనుమానం వచ్చింది.

"ఇదేంటండీ?" అని ఆపరేటర్ ఆనంద్ పాల్‌ను నిలదీసింది.

"సెన్సర్ ఎప్పుడో పోయిందండి. అంకె పడకపోతే మిల్లు ఆగిపోద్దండి. అందుకే గంటగంటకీ నేనే కొడతానండి. ధాన్యం వాసన చూసి వేడెంతో చెప్పేసేవోణ్ణండి."

యంత్రం పోయినా మనిషి మిగిలాడనుకుంది శ్రావ్య. "మరి నాలుగేళ్లుగా ఒకటే వాసనా అండీ?"

ఆయన తల దించుకున్నాడు. "కరోనాలో వాసన తెలియడం పోయిందమ్మా. మళ్లీ రాలేదు."

సెన్సర్, ప్రోగ్రాం రెండూ మార్చాలన్న శ్రావ్య రిపోర్టును ఆఫీసు గదిలో చదివి యజమాని ప్రసాదరావు నవ్వాడు. "నాలుగేళ్లలో ఒక్క అలారం మోగలేదు కదమ్మా! ఇంకేం మార్చమంటారు?"

అప్పుడే మరో గంట పూర్తయింది. గది అద్దం అవతల ఆనంద్ పాల్ కంప్యూటర్ మీదికి వంగి, మళ్లీ ఎనభై రెండు కొట్టాడు.