పచ్చి కట్టె పొగ

అయినా పొయ్యి మీది ఆ జింకు రేకు ఎత్తొద్దని ఎన్నిసార్లు చెప్పాలి ఈ మనిషికి, ఎత్తితే పొగ పోతుంది, పొగ పోయాక ఇక పిమెంటో కట్టెల మీద కాల్చే జెర్క్ కోడి ఎందుకు, కుండలో పడేసి ఉడకబెట్టుకుంటే సరిపోదా, అందామనే అనుకున్నాను, నోటిదాకా వచ్చింది, మింగేశాను, నేనొకటి అంటే ఐసిల్డా పది అంటుంది, నలభై రెండేళ్ల కాపురంలో నాకు వంటబట్టిన చదువు అదొక్కటే, బళ్లో చదివిన మూడేళ్లూ ఎటు పోయాయో తెలియదు గానీ ఇది మాత్రం నిలిచింది, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని కొబ్బరి తురుముతోంది, పీపా పొయ్యికి బారెడు దూరం లేదు, పొగ మొహాన కొడుతున్నా కదలదు, తురిమేది చారెడు, మాట్లాడేది బస్తాడు, జెఫ్, ఎడమవైపు కొవ్వు కారి నిప్పులో పడుతోందయ్యా, కమురు వాసన మొదలైంది, ఆ పక్కది కాస్త జరుపు, నాకు కళ్లు లేవా అన్నాను, అంటూనే జరిపాను, జరిపితే కింద నిజంగానే మంట లేచి ఉంది, ముందే చూశానన్నట్టు తలాడించి సీసాలో నీళ్లు నాలుగు చుక్కలు చిలకరించాను, చుయ్యిమంది, చప్పుడు వినపడింది, వాసన రాలేదు.

రాదు, ఈస్టరప్పుడు పట్టిన జ్వరం మూడు వారాలు నన్ను మంచానికి కట్టేసి పోతూ పోతూ ముక్కుని మూటగట్టుకుపోయింది, మొదట్లో జలుబనుకున్నాను, తర్వాత ఒక పొద్దున సబ్బు బిళ్ల మొహానికి ఆనించి చూశాను, గోడని వాసన చూసినట్టుంది, కాఫీ అంటే వేడినీళ్లు, ఐసిల్డా తలనూనె లేదు, వాన పడ్డాక మట్టి లేదు, మిరపకాయ మంట ఒకటి మిగిలింది, అది వాసన కాదు, దెబ్బ, ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికేముంది, ముక్కు లేని జెర్క్ మనిషి అంటే చెవి లేని మద్దెలగాడు, ఐసిల్డాకి చెబితే ఆదివారం ప్రార్థనలో అందరి ముందూ లేచి నా ముక్కు కోసం దేవుణ్ణి అడుగుతుంది, లాక్స్లీకి తెలిస్తే అక్కడితో సరి, లాక్స్లీ ఐసిల్డా అన్న కొడుకు, సముద్రం రోడ్డు మలుపులో ఉన్న జెర్క్ కొట్టు వాడిది, వాడి నాన్న ఉన్నప్పట్నించీ ఆ నిప్పుల గుంట ముందు నిలబడ్డది నేను, ముప్ఫయ్యొక్క ఏళ్లు, జ్వరం తగ్గి వెళితే, తొందరేముంది మావయ్యా, ఆదివారం నేనే మీ ఇంటికొస్తా, నీ చేతి కోడి తింటా, తర్వాత మాట్లాడుకుందాం అన్నాడు, నవ్వుతూనే అన్నాడు, ఆ నవ్వు వెనకాల కింగ్‌స్టన్ నుంచి తెచ్చిపెట్టుకున్న ఒకడు నా కత్తితో నా చెక్క మీద కోళ్లు నరుకుతున్నాడు, నరకడం చూశాను, ఎముక పిండి చేస్తున్నాడు, ఇవాళ రెండింటికి వస్తాడు లాక్స్లీ, ఇప్పుడు పన్నెండు దాటింది, నాలుగు కోళ్లు వెన్ను చీల్చి పరిచినవి నా ముందు పొగలో ఉన్నాయి, వాటికేమవుతోందో నాకు తెలియదు.

నిన్నా ఇంతే, మసాలా నూరుతుంటే ఐసిల్డా రోటి దగ్గరికి వచ్చి కూర్చుంది, ఎప్పుడూ లేనిది, ఉల్లికాడలు, అల్లం, పసుప్పచ్చటి బోనెట్ మిరపకాయలు, పిమెంటో గింజలు, అన్నీ చేతి లెక్కన పడేస్తున్నాను, మా నాన్న కూడా చేతి లెక్కనే వేసేవాడు, కాకపోతే పిడికెడు వేసి ఒకసారి వంగి ముక్కు పెట్టేవాడు, అప్పుడు ఇంకో పిడికెడు, నేనూ వంగాను, రోకలి పట్టుకుని మూడుసార్లు వంగాను, నూతిలోకి తొంగిచూసినట్టుంది, ఈ థైమ్ ఆకు పనికిరాదు జెఫ్, ఎండి గడ్డివాసనొస్తోంది, పెరట్లోంచి కోసుకొస్తానుండు అంది, బాగానే ఉంది కదే అన్నాను, నీ మొహం బాగుంది అని లేచి వెళ్లి కోసుకొచ్చింది, జాజికాయ చాల్లేదంది, గీరాను, ఇంకా అంది, ఎవరు వండేది నువ్వా నేనా అన్నాను, వండేది నువ్వే, తినేది నేను కదా అంది, ఇలాంటి మనిషితో ఎలా నెగ్గుకొస్తాం, గీరాను, నాలుగు కోళ్లకీ చర్మం కింద దాకా వేలు పోనిచ్చి రాశాను, చేతులు భగ్గుమన్నాయి, అదొక్కటి పాతదిలాగే ఉంది.

జెఫ్, ఇక్కడెవరో గడ్డం గీయించుకుని వచ్చినట్టుందే, అంటోంది ఇవాళ మళ్లీ, ఎవరొచ్చారే, నువ్వూ నేనూ తప్ప అన్నాను, అదేగా నేనూ అడుగుతున్నది, నువ్వేమో నాలుగు రోజుల గడ్డంతో ఉన్నావు, మరి మంగలి షాపు వాసన ఎక్కణ్ణించి, అని రేకు అంచు మళ్లీ ఎత్తింది, ఇదిగో, నీ పొయ్యిలోంచే, ఆ కుడి చివర కట్టె చూడు, అది పిమెంటో కాదయ్యా, బే రమ్ కట్టె, లాగెయ్, లాక్స్లీ కోడి తింటాడా తలకి రాసుకుంటాడా, అంది, పొద్దున పక్కింటి హ్యూబర్ట్ మోపు దింపుతూ చెప్పనే చెప్పాడు, వానలో హడావిడిగా కొట్టుకొచ్చాను పెద్దాయనా, ఆకు దూసేశాను, అందులో రెండు రకాలూ కలిశాయేమో గీరి చూసుకో అని, పిమెంటోకి బే రమ్ అక్కచెల్లెలి వరస, అదే బెరడు, అదే పొలుసు, అదే నునుపు, గోటితో గీరి ముక్కు దగ్గర పెట్టుకుంటే తప్ప తేడా తెలియదు, లవంగం జాజికాయ దాల్చినచెక్క ఒక్కచోట నూరినట్టుంటే పిమెంటో, మంగలి వాడే, తలనొప్పికి రాసుకునే బే రమ్ సీసాలా ఉంటే అది, ఈ ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు, హ్యూబర్ట్ నిలబడి చూస్తున్నాడు గనక నేనూ గీరాను, ముక్కు దగ్గర పెట్టుకున్నాను, పిమెంటో అన్నాను, ఇంకోటి గీరి అదీ పిమెంటో అన్నాను, పదహారు కట్టెలూ పిమెంటోనే అన్నాను, నీ ముక్కే ముక్కు పెద్దాయనా అని మెచ్చుకుని పోయాడు, ఇప్పుడు పట్టకారుతో ఆ కట్టె లాగి అరటిచెట్ల మొదట్లో పారేశాను, ఆ సన్నది కూడా అంది, సన్నది కూడా పారేశాను, ఎంతసేపు కాలిందో, ఎంత పొగ ఎక్కిందో, మాంసానికి ఒకసారి పట్టిన పొగని కడగలేం, హ్యూబర్ట్ మీద కోపం వచ్చింది, వాడు చెప్పనే చెప్పాడు గనక ఇంకా కోపం వచ్చింది, చుట్టూ చూస్తే తిట్టడానికి ఈవిడ ఒక్కతే ఉంది.

నోరు మూస్తావా కాసేపు, పొద్దుట్నించి చెవిలో జోరీగలాగా, ముప్ఫయ్యొక్క ఏళ్లు నువ్వు పక్కన కూర్చుని చెబితేనే వండానా, చర్చికి పోరాదూ, మోకాలు నొప్పని ఎగ్గొట్టి నా ప్రాణం తియ్యకపోతే, అన్నాను, ఏడాదికి సరిపడా మాటలు ఒక్కసారే వచ్చేశాయి, ఐసిల్డా నా వంక చూసింది, సరే అంది, అంతే, కొబ్బరిచిప్ప తురుము పీట మీద గరగరమంటోంది, అదొక్కటే చప్పుడు.

అబ్బ, హాయిగా ఉంది, అనుకున్నాను, ఉండాలి కూడా, నాకు కావలసింది ఇదేగా, మాట్లాడని మనిషి, మాట్లాడని పొయ్యి, నెమ్మదిగా పని చేసుకోవచ్చు, పని అంటే ఏం చెయ్యాలి ఇప్పుడు, తిప్పాలా, ఇంకాసేపు ఉంచాలా, రేకు అంచుల్లోంచి పొగ వస్తోంది, తెల్లగా వస్తోంది, తెల్లగా ఉంటే మంచిదే, కాని చేదెక్కిన పొగ కూడా తెల్లగానే ఉంటుంది, కన్ను అబద్ధమాడుతుందిరా, ముక్కు ఆడదు అనేవాడు నాన్న, ముక్కే లేనివాడు ఏం చెయ్యాలో చెప్పలేదు, రేకు ఎత్తాను, ఎర్రగా ఉంది, దించాను, నలుపు తిరుగుతుందేమోనని మళ్లీ ఎత్తాను, పొగంతా పోయింది, దించాను, వంద లెక్కపెడదామనుకుని నలభైలో మళ్లీ ఎత్తాను, ఆవిడ చూస్తోందేమోనని తిరిగాను, చూడట్లేదు, కొబ్బరి వంకే చూస్తోంది, గరగరా గరగరా, ఏమైనా అనకూడదూ, ఒక్క మాట, ఇంతసేపు నోరు కట్టుకుని కూర్చున్న రోజు ఒకటుందా ఈవిడ బతుకులో, మూయమంటే అంతలా మూసేస్తారా ఎవరైనా, కొట్టు దగ్గర శుక్రవారాలు నేను లేకుండానే వస్తాయి పోతాయి, మలుపులో బస్సు దిగినవాళ్లు వేరేవాడి చేతి కోడి తింటారు, నేను ఈ పెరట్లో అరటిచెట్లకి నీళ్లు పోసుకుంటూ ఉంటాను, పొద్దున లేస్తే ఎటు నడవాలో తెలియక.

నాకేం తెలుసులే, అంటోంది ఐసిల్డా, నాతో కాదు, చేతిలో చిప్పతో, తియ్యటి వాసన పోతోంది, అడుగున చిరుచేదు తగులుతోంది, తెలిసినవాళ్లైతే ఈపాటికి తిప్పేవాళ్లు, నేను మాత్రం ఏమీ అనట్లేదమ్మా, మూసుకోమన్నారు కదా, రేకు పక్కకి దించి నాలుగూ తిప్పాను, చర్మం అంచుల్లో సరిగ్గా నల్లపూస రంగు, ఇంకో చిటికె ఆగి ఉంటే బొగ్గు, ఊపిరి వదిలాను, ఊపిరి వదిలినందుకు కూడా చిరాకేసింది, పచ్చి పిమెంటో కట్టె ఇంకొకటి తీసుకుని చెయ్యి జారి పడ్డట్టు ఆవిడ బకెట్టు పక్కనే పడేశాను, వంగి తీసుకోబోతే, ఇది మంచిదే, వెయ్యి, అంది, అడిగానా నేను, అడగలేదు, వేశాను.

లాక్స్లీ బండి గేటు దగ్గర ఆగీ ఆగకముందే వాడి గొంతు వచ్చింది, మావయ్యా, మలుపు దగ్గరికే కొట్టిందయ్యా నీ పొగ, అంటూ లోపలికొచ్చాడు, నేను కోడిని చెక్క మీద పెట్టి కత్తితో కొట్టాను, ఎముక ఎక్కడ విరగాలో చేతికి తెలుసు, దానికి ముక్కు అక్కర్లేదు, వాడు నిలబడే ఒక తొడ ముక్క తీసుకున్నాడు, కొరికాడు, నమిలాడు, కళ్లు మూసుకున్నాడు, నేను నా కాలిబొటనవేలు వంక చూస్తున్నాను, బే రమ్ తగిలిందా, తగిలితే మొహం ఇప్పుడే చిట్లిస్తాడు, చిట్లించలేదు, ఎముక చప్పరించాడు, ఇంకో ముక్క తీసుకున్నాడు, వేళ్లు నాకుతూ, శుక్రవారం వచ్చెయ్ మావయ్యా, ఆ కింగ్‌స్టన్ వాడికి మిరపకాయ తెలుసు గానీ పొగ తెలియదు, నాలుగు వారాల్నించి తినడానికొచ్చేవాళ్లు ముసలాయనేడీ అని నన్ను తింటున్నారు, అన్నాడు, ఊఁ అన్నాను, సంతోషపడాలి, పడబోయాను, అంతలో కొట్టు దగ్గరి గుంట కళ్ల ముందుకొచ్చింది, అంత పొడుగున నిప్పులు, ముప్ఫై కోళ్లు, పందిమాంసం వేరే, చుట్టూ జనం, అక్కడ ఈ గరగర ఉండదు, చిప్పతో మాట్లాడేవాళ్లుండరు, మొదటి గంటలోనే దొరికిపోతాను.

నేనూ వస్తాన్రా శుక్రవారం, అంది ఐసిల్డా, ఇంట్లో ఒక్కదాన్నీ ఏం చెయ్యను, నిప్పు పక్కన ఓ పీట వేసుకుని సీమపనసకాయలు కాల్చి ఒలుస్తాను, జీతమేం ఇవ్వక్కర్లేదులే, లాక్స్లీ నమలడం ఆపి పెద్దగా నవ్వాడు, అత్తా, నువ్వా, నిప్పు పక్కనా, నాన్న ఉన్నప్పుడు పొయ్యి అంటించగానే ఆయాసమొస్తుందని ముందు గదిలో తలుపులేసుకునేదానివి, గుర్తుందా, నీ ప్లేటు కిటికీలోంచి అందించేవాళ్లం, మావయ్య చొక్కా విప్పి వాకిట్లో వదిలితే గానీ లోపలికి రానిచ్చేదానివి కాదు, ఆయాసం ఎప్పుడో పోయిందిలేరా, వాగకుండా తిను, అంది, అని పక్కకి తిరిగి గౌను అంచు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది, సన్నగా, వినపడకూడదన్నట్టు, నేను అప్పుడు చూశాను ఆమె మొహం, పొద్దుట్నించి పక్కనే ఉన్నా ఒక్కసారి చూడలేదు, కళ్లు రెండూ ఎర్రటి పుండ్లలా ఉన్నాయి, నీళ్లు చెంపల మీద మసిలో చారలు కట్టాయి, ఛాతీ పైకీ కిందకీ కొట్టుకుంటోంది, అయినా బకెట్టు ఒక అంగుళం వెనక్కి జరపలేదు, గాలి వాలు చూసుకుని పొగ ఎటు వస్తుందో సరిగ్గా అటే వేసుకుంది, ఆవిడకి తెలుసు, ఐసిల్డాకి తెలుసు, ఎప్పట్నించి తెలుసో అడగను, నేను ఎవరికీ తెలియదనుకుని దాచుకున్నదాన్ని తనూ తెలియనట్టే దాచిపెట్టి, నోరు మూయమన్నా మూసుకోకుండా, పొద్దుట్నించి ఈ పొగంతా తాను పీల్చి నాకు చెబుతోంది.