పక్క ఆకును చూడు

బాన్సువాడ బస్టాండు ఎదుట తమలపాకులమ్మే నసీరుద్దీన్‌కు కోపం ముక్కుమీదే ఉంటుందని ఊరంతా ఎరుగుదురు. కొనడానికొచ్చినవాడు కట్టలోంచి ఒక్క ఆకు లాగి చూశాడా, ఇక ఆ మనిషి పని అయిపోయినట్టే. కూతురు షాగుఫ్తా ముందు మాత్రం ఆయన పిల్లి. హైదరాబాదులో ప్రయోగశాలలో పరిశోధన చేసే పిల్ల మరి, మాటలా!

ఏం పరిశోధన అని అడిగినవాళ్లకు ఆయన ఆకు కడుతూనే చెప్పేవాడు. ఒంట్లో కోటానుకోట్ల కణాలుంటాయట. వాటిలో కొన్ని ముసలివై, పని మానేసి, చావనైనా చావక, పక్కవాటిని పాడుచేస్తూ కూర్చుంటాయట. వాటిని వెతికి పట్టి, వాటికే తగిలేలా మందు వేయాలని తన బిడ్డ పట్టుదలట. వినేవాళ్లు నవ్వి, మందు తయారైతే ముందు తమకో సీసా ఇవ్వమనేవారు.

మందు సంగతి తర్వాత, ముందు డబ్బు రావాలి. ప్రభుత్వం యువ శాస్త్రవేత్తలకిచ్చే నిధికి నిరుడు దరఖాస్తు పెడితే, కమిటీవాళ్లు ఒకే ఒక్క ప్రశ్న వేశారు. ముసలి కణాలన్నీ చెడ్డవేనా, గాయం మాన్పేవి, పనికొచ్చేవి వాటిలో ఉండవా అని. ఉంటాయి గానీ వాటిని ఎలా వేరుచేయాలో చెప్పబోయి షాగుఫ్తా తడబడింది. ఉత్తచేతులతో తిరిగొచ్చింది. ఈ సోమవారం మళ్లీ పిలుపు. వచ్చే నెలతో ఆమెకు ముప్ఫై అయిదు నిండుతాయి, ఆపైన ఆ నిధి అడగడానికి లేదు. ముసలి కణాల మీద పనిచేయాలన్నా వయసు మీరకూడదట, ఇదెక్కడి చోద్యమో! ఈసారీ కాదంటే ఆరేళ్ల పని అటకెక్కినట్టే. ఆ దిగులుతో నసీరుద్దీన్‌కు నాలుగు రోజులుగా మెతుకు సహించడం లేదు.

శనివారం పొద్దున షాగుఫ్తా ఇంట్లో కాగితాల ముందు కూర్చోలేక దుకాణానికి వచ్చింది. తండ్రి మధ్యాహ్నం నమాజుకు వెళ్లగానే, సాయం చేద్దామని గంప ముందేసుకుని ఆకు ఏరింది. రోజూ ఏరకపోతే కుళ్లు గంపంతా పాకుతుందని చిన్నప్పటినుంచీ చూసినదే, తాను మాత్రం ఎన్నడూ ఏరలేదు. పచ్చగా ఉన్నవాటిని తడి గోనె కింద పెట్టి, పసుపు తిరిగిన ప్రతి ఆకునూ మురిక్కాలవలో పడేసింది.

తిరిగొచ్చిన నసీరుద్దీన్‌కు కాలవలో తేలుతున్న పసుపు ఆకులు కనబడ్డాయి. సరిగ్గా అప్పుడే నిజాంసాగర్ కాలువ కింద వరి పండించే వెంకటనారాయణ వచ్చి, బల్ల మీద కూర్చుని తన ఆకు అడిగాడు. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన పెద్దాయన. ఒక్క పన్నూ లేదు. ఇరవై ఏళ్లుగా పండుటాకు తప్ప వేసుకోడు, మెత్తగా నలుగుతుందని. ఇవాళ ఆకు లేదని నసీరుద్దీన్ నసుగుతూ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆయన ఉత్త నోటితోనే కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. ఇరవై ఏళ్ల బేరాన్ని అలా పంపాల్సి రావడమే నసీరుద్దీన్‌ను కాల్చింది.

ఆయన జన్మలో మొదటిసారి కూతురి మీద గొంతు పెంచాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మనిషికి దుకాణంలో కోపమొస్తే తెలుగే వస్తుంది.

"ఏంది బేటీ గిది? పండింది వేరు, కుళ్లింది వేరు. పసుపు కనబడంగనే పారేస్తరా?"

తెలియలేదని, రెండూ ఒకే రంగులో ఉన్నాయని షాగుఫ్తా తలవంచుకుంది. ఆమె కళ్లలో నీళ్లు చూసి ఆయన కోపం దిగిపోయింది. కాలవ అంచున చిక్కుకున్న రెండు పసుపు ఆకులు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"రంగు చూసి ఏం తెలుస్తది? ఆకును చూడకు, దాని పక్క ఆకును చూడు. పండుటాకు పక్కన ఉన్నది మంచిగనే ఉంటది. కుళ్లే ఆకు ముందు పక్కదాన్ని తడి చేస్తది, మచ్చ పెడ్తది. గట్ల చేసేదాన్నే తియ్యాలె."

షాగుఫ్తా ఆ రెండాకులనూ తిప్పి తిప్పి చూసింది. తర్వాత వాటిని కాగితంలో చుట్టుకుని గబగబా ఇంటికి నడిచింది. కోపమొచ్చి పోయిందేమోనని ఆయన ఒకటే బాధపడ్డాడు. సాయంత్రం వెళ్లి చూస్తే కాగితాలన్నీ కొట్టేసి మళ్లీ రాస్తోంది. ముసలిదన్న గుర్తు కనబడగానే కణాన్ని చంపనని, పొరుగు కణాల్లోకి చెరుపు చేసే రసం వదిలేదాన్నే గుర్తుపట్టి మందు చేరేలా చూస్తానని. ఆయనకు సగమే అర్థమైంది, అయినా ఆ పూట కడుపునిండా తిన్నాడు.

కమిటీ మళ్లీ అదే ప్రశ్న అడిగిందట. ఈసారి షాగుఫ్తా తడుముకోలేదట. నెల తిరక్కుండా ఫోనొచ్చింది.

"ఇచ్చిండ్రు అబ్బాజాన్. కాకపోతే మూడేండ్లకు అడిగితే ఒక్క ఏడాదికే ఇచ్చిండ్రు. ఏడాదిల చేసి చూపిస్తేనే మిగిలింది ఇస్తరట."

ఆమె గొంతులో సంతోషం ఉంది, దాని వెనకాల వెలితీ ఉంది. నసీరుద్దీన్ గోనె మీద నీళ్లు చల్లుతూనే అన్నాడు.

"నా సరుకు నాలుగు రోజులు నిలిస్తే అల్లాకు శుక్రియా చెప్పుకుంట. నీకు ఏడాది దొరికింది. తక్కువనా బేటీ?"

అటువైపు షాగుఫ్తా పకపకా నవ్వింది. నిరుటి నుంచి ఆయన ఆ నవ్వు విననేలేదు.